పీఆర్‌ఓలు ఏడుగురు కలిస్తే.. అది వృత్తి!

డిగ్రీ చేతికొచ్చిన కుర్రాళ్లకు ప్రైవేటు బడుల్లో తేలిగ్గా దొరికే కొలువు పీఆర్‌ఓ. తేలిగ్గా చేజారేదీ అదే. అడ్మిషన్ల లెక్కతో మొదలై ఆ లెక్కతోనే ముగిసిపోయే ఈ ఉద్యోగం పదేళ్లు నిలిచే వృత్తిగా మారాలంటే ఏం కావాలి? తోటివాళ్లతో కూడిన ఓ సంఘం కావాలి. దాన్ని ఎలా పెట్టాలి, ఎలా నడపాలి, అందులో విద్యార్థులకేం పని? ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేరు లంకలను ముందు పెట్టుకుని చూద్దాం.

పదో తరగతి పరీక్షలు రాసిన ఏడాది మీ ఇంటికి బండి మీద వచ్చినాయన గుర్తున్నారా? చేతిలో రంగుల బ్రోచరు, జేబులో రసీదు పుస్తకం. మీ నాన్నగారిని ‘బాబాయిగారూ’ అని పిలిచి, మంచినీళ్లు అడిగి తాగి, ‘ఫీజు సంగతి మీకెందుకండీ, నేను మాట్లాడతాను కదా’ అని భరోసా ఇచ్చి వెళ్లినాయనే పీఆర్‌ఓ. పూర్తి పేరు పబ్లిక్ రిలేషన్స్ ఆఫీసర్, అంటే ప్రజా సంబంధాల అధికారి. గోదావరి జిల్లాల్లో మాత్రం ఈ మాటకు జనంలో స్థిరపడిన అర్థం ఒక్కటే: పిల్లల్ని చేర్పించేవాడు.

వచ్చే వేసవికి ఆ బండి మీద మీరే ఉండొచ్చు. ‘పీఆర్‌ఓలు కావలెను, ఏదైనా డిగ్రీ, టూవీలర్ తప్పనిసరి’ అన్న ప్రకటన చూడని నిరుద్యోగి మన ప్రాంతంలో అరుదు. చాలాచోట్ల కొంత జీతం, దానిపైన అడ్మిషన్‌కు ఇంత అని ఇన్సెంటివ్. టార్గెట్ దాటితే మెచ్చుకోలు, దాటకపోతే జూన్ తర్వాత ఫోన్ ఎత్తేవారుండరు. చేర్పించేటప్పుడు మీరు చెప్పిన మాటకూ, చేరాక బడిలో జరిగేదానికీ పొంతన లేకపోతే తల్లిదండ్రులు నిలదీసేది యాజమాన్యాన్ని కాదు, మిమ్మల్నే. ఎందుకంటే వాళ్లకు తెలిసిన ముఖం మీదే.

ఈ కొలువులో చేరాలా వద్దా అన్నది మీ ఇష్టం. చేరితే మాత్రం ఒంటరిగా చేయకండి. ఈ కథనం చెప్పేది అదే.

పీఆర్ అంటే ప్రచారమేనా?

కాదు. ప్రచారం ఒకవైపే నడుస్తుంది: మనం చెబుతాం, వాళ్లు వింటారు. ప్రజా సంబంధాలు రెండువైపులా సాగుతాయి. బడి సంగతి ఊరికి చెప్పడం సగం పని. ఊరి సంగతి బడికి చెప్పడం మిగతా సగం. ‘ఏడింటికి బస్సు పంపితే మా లంకలో పిల్లలకు అన్నం కుదరట్లేదండీ’ అని ఓ తల్లి అన్న మాటను ప్రిన్సిపాల్ టేబుల్ మీదకు చేర్చి, బస్సు వేళ మార్పించి, ఆ సంగతి మళ్లీ ఆ తల్లికి చెప్పేవాడే అసలు పీఆర్‌ఓ.

ఇలా చూస్తే ఈ పని వేసవితో అయిపోదు. ఫీజుల వివరాలు తికమక లేకుండా రాయడం, తల్లిదండ్రుల సమావేశం నడపడం, పత్రికలకు వార్త పంపడం, బడి వెబ్‌సైటులో సమాచారం తాజాగా ఉంచడం, బస్సు ప్రమాదమో తుపానో వచ్చినప్పుడు అరగంటలో ఇళ్లకు సరైన కబురు చేర్చడం.. ఇవన్నీ ఏడాది పొడవునా ఉండేవే. సీబీఎస్‌ఈ బడులైతే తమ వెబ్‌సైటులో గుర్తింపు పత్రాలు, ఫీజులు, సిబ్బంది, ఫలితాల వంటి వివరాలను ‘మాండేటరీ పబ్లిక్ డిస్‌క్లోజర్’ కింద పెట్టి తీరాలి. ఆ పేజీని సరిగా చూసుకునే మనిషి ప్రతి బడికీ అవసరమే.

ప్రభుత్వ బడిలో పీఆర్‌ఓ పోస్టు ఉండదు. కానీ పని ఉంటుంది. 2009 విద్యా హక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ బడుల్లో ఏర్పడే యాజమాన్య కమిటీలో కనీసం నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులో సంరక్షకులో ఉండాలి. మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలుండాలి. మన రాష్ట్రంలో 2024 డిసెంబరు 7న, మళ్లీ 2025 జులై 10న ప్రభుత్వం మెగా పేరెంట్ టీచర్ మీటింగులు జరిపింది. అంటే ఇంటితో బడి మాట్లాడటం ఇప్పుడు సర్కారు బడికీ పెద్ద పనే. ఆ పని చేస్తున్నది హెడ్మాస్టర్లు, టీచర్లు. వాళ్లకు దాని మీద శిక్షణ ఇచ్చేదెవరు?

అమెరికాలో 1935లోనే

ఈ ప్రశ్నకు జవాబు వెతికితే ముందుగా ఎదురయ్యేది అమెరికాలోని నేషనల్ స్కూల్ పబ్లిక్ రిలేషన్స్ అసోసియేషన్. పొట్టిగా ఎన్‌ఎస్‌పీఆర్‌ఏ. 1935లో మొదలైంది. బడుల తరఫున ప్రజలతో మాట్లాడే ఉద్యోగులకే ప్రత్యేకించిన సంఘం అది. అక్కడ చాలాచోట్ల బడి భవనాలకు అప్పు తేవాలన్నా, పన్ను పెంచాలన్నా స్థానిక ఓటర్లు ఒప్పుకోవాలి. బడి తన లెక్క ఊరికి చెప్పుకోక తప్పదు. అందుకే అక్కడి స్కూల్ డిస్ట్రిక్టుల్లో కమ్యూనికేషన్ డైరెక్టర్ అనే ఉద్యోగం నిలబడింది. ఆ ఉద్యోగుల కోసం సంఘమూ నిలబడింది.

ఆ సంఘం ఏం చేస్తుంది? ఏటా వేసవిలో జాతీయ సదస్సు పెడుతుంది. రాష్ట్రాల స్థాయిలో శాఖలు ఉంటాయి. టెక్సస్ లాంటి రాష్ట్రాల్లో వాటి కార్యక్రమాలే పెద్ద ఎత్తున జరుగుతాయి. ఒక స్కూల్ డిస్ట్రిక్టు తన సమాచార వ్యవస్థ ఎలా ఉందో తేల్చుకోవాలనుకుంటే కమ్యూనికేషన్ ఆడిట్ చేసి పెడుతుంది. మంచి పనికి అవార్డులిస్తుంది. ముప్ఫై అయిదేళ్ల లోపు వయసున్న వారిలో చురుకైనవాళ్లను ‘35 అండర్ 35’ పేరుతో గుర్తిస్తుంది. ఏపీఆర్ అనే వృత్తి గుర్తింపు పరీక్షను నడిపే బోర్డులో ఇదీ ఒక భాగస్వామి.

ఇందులో మనం గమనించాల్సింది ఒకటుంది. ఆ సంఘం చేసే పనుల్లో ఎక్కువ భాగం నేర్పడానికీ కొలవడానికీ సంబంధించినవే. ‘మా పని ఇదీ, దాన్ని బాగా చేయడమంటే ఇదీ’ అని రాసిపెట్టుకోవడం వల్లే ఒక ఉద్యోగం వృత్తి అవుతుంది. డాక్టర్లు, లాయర్లు, చార్టర్డ్ అకౌంటెంట్లు చేసిందీ ఇదే.

మన దేశంలో సంగతి

మనకూ ఓ పెద్దన్న ఉంది: పబ్లిక్ రిలేషన్స్ సొసైటీ ఆఫ్ ఇండియా, పీఆర్‌ఎస్‌ఐ. 1958లో మొదలై, కొన్నేళ్లు లాంఛనాలేవీ లేకుండానే నడిచి, 1966లో రిజిస్టరైంది. 1968 ఏప్రిల్ 21న ఢిల్లీలో తొలి అఖిల భారత సదస్సు పెట్టి, వృత్తి నియమావళిని ఆమోదించింది. ఏటా ఏప్రిల్ 21న జాతీయ ప్రజా సంబంధాల దినోత్సవం జరుపుకోవడానికి కారణం అదే. హైదరాబాద్, విశాఖపట్నం వంటి నగరాల్లో దీనికి శాఖలున్నాయి. ఉమ్మడి రాష్ట్రంలో సమాచార, పౌర సంబంధాల శాఖకు డైరెక్టరుగా పనిచేసిన డాక్టర్ సి.వి.నరసింహారెడ్డి ఈ రంగం మీద పుస్తకాలు రాసి, ‘పబ్లిక్ రిలేషన్స్ వాయిస్’ పత్రికను నడిపారు. అంటే తెలుగు నేల ఈ విద్యకు కొత్తేమీ కాదు.

కాకపోతే ఆ సొసైటీలో ఉక్కు కర్మాగారం పీఆర్‌ఓ ఉంటారు, బ్యాంకు పీఆర్‌ఓ ఉంటారు, విశ్వవిద్యాలయం పీఆర్‌ఓ ఉంటారు. వాళ్ల సమస్యలు వేరు. భీమడోలు నుంచి పిల్లల్ని తెచ్చే బడి బస్సు టైరు పేలితే తల్లిదండ్రులకు ముందు ఎవరు ఫోన్ చేయాలన్న ప్రశ్న వాళ్లకు ఎదురుకాదు. మన దగ్గర ప్రభుత్వ టీచర్లకు యూనియన్లున్నాయి. ప్రైవేటు బడుల యాజమాన్యాలకు అపుస్మా లాంటి సంఘం ఉంది. ఈ ఇద్దరి మధ్యలో బండేసుకుని తిరిగే పీఆర్‌ఓ తరఫున మాట్లాడే గొంతు మాత్రం వినబడదు.

కొల్లేరు చుట్టూ పని ఎంతుందో!

సంఘం కావాలంటే సభ్యులందరికీ ఉమ్మడి అవసరం ఉండాలి. మన ప్రాంతంలో అది దండిగా ఉంది. మూడు సందర్భాలు చాలు.

2020 డిసెంబరు మొదటి వారంలో ఏలూరులో ఉన్నట్టుండి జనం మూర్ఛతో పడిపోవడం మొదలైంది. వందల మంది ఆసుపత్రుల్లో చేరారు. వాళ్లలో పిల్లలూ ఉన్నారు. కారణమేమిటో తొలి రోజుల్లో ఎవరికీ అంతుపట్టలేదు. పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణమని ఎయిమ్స్, నీరి నిపుణులు చెప్పేసరికి డిసెంబరు సగం గడిచింది. కరోనా విరామం తర్వాత 9, 10 తరగతులు తెరుచుకుని అప్పటికి నెల దాటింది. ‘పిల్లల్ని బడికి పంపాలా? అక్కడి నీళ్లు తాగొచ్చా?’ అని అడిగే తల్లికి బడి ఏమని చెప్పాలి? తెలియంది తెలియదని చెప్పి, తాము తీసుకుంటున్న జాగ్రత్తలేమిటో చెప్పి, అధికారుల మాట వచ్చిన వెంటనే మళ్లీ కబురు పెడతామని చెప్పాలి. ఈ మూడు వాక్యాలు ముందే రాసిపెట్టుకున్న బడికీ, అప్పటికప్పుడు తడుముకునే బడికీ చాలా తేడా ఉంటుంది.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగింది. విజయవాడను ముంచిన ఆ నీరు చివరికి చేరాల్సింది కొల్లేరుకే. కొల్లేరు నిండితే లంక గ్రామాల దారులు మునుగుతాయి. 2025 అక్టోబరులో మొంథా తుపాను. ఇలాంటి ప్రతిసారీ బడులకు సెలవా, కాదా అన్న ప్రశ్న ముందుకొస్తుంది. కలెక్టర్ ఉత్తర్వు రాకముందే పాత తేదీ మార్చిన నకిలీ ఉత్తర్వు వాట్సాప్‌లో తిరిగేస్తుంది. ఓ బడి పీఆర్‌ఓ నిజమైన ఉత్తర్వును సరిచూసి పది నిమిషాల్లో మిగతా ముప్ఫై బడులకు చేరవేయగలిగితే? అది సంఘం చేయగలిగిన పని. ఒక్క బడి చేయలేనిది.

మూడోది రోజువారీది. కొల్లేరు పరిసరాల్లో చేపల చెరువుల గట్ల మీదే కాపురం ఉండి కాపలా కాసే కుటుంబాలున్నాయి. పని ఉన్న చోటికల్లా మకాం మారుస్తుంటారు. ఆ తల్లిదండ్రులకు ఇంగ్లిష్‌లో టైపు చేసిన సర్క్యులర్ పంపితే ఏం లాభం? నలభై సెకన్ల వాయిస్ మెసేజ్, అదీ మన యాసలో, సాయంత్రం మేత పని అయ్యాక పంపితే వింటారు. ఈ చిట్కా కైకలూరు మండలంలో ఓ టీచరమ్మకు తెలిసి ఉండొచ్చు. తాడేపల్లిగూడెంలో ఓ పీఆర్‌ఓకు తెలియకపోవచ్చు. ఒకరికి తెలిసింది పదిమందికి చేరాలంటే కలుసుకునే చోటు కావాలి.

ఏడుగురితో మొదలు

సంఘం పెట్టుకునే హక్కు రాజ్యాంగం 19వ అధికరణం ఇచ్చిందే. ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 ప్రకారం కనీసం ఏడుగురు కలిస్తే సొసైటీగా రిజిస్టర్ చేసుకోవచ్చు. ముఖ్యంగా కావాల్సినవి రెండు పత్రాలు. ఒకటి మెమొరాండం: సంఘం పేరు, చిరునామా, లక్ష్యాలు, తొలి కమిటీ వివరాలు. రెండోది బైలాస్: సభ్యత్వం ఎవరికి, చందా ఎంత, ఎన్నికలు ఎప్పుడు, డబ్బు ఎవరి చేతిలో, సంఘం మూసేయాల్సి వస్తే ఏం చేయాలి. ఏటా సర్వసభ్య సమావేశం జరిపి, కమిటీ జాబితాను రిజిస్ట్రారుకు సమర్పించాలి.

చాలామంది బైలాస్‌ను జిరాక్సు సెంటర్లో దొరికే నమూనా చూసి దింపేస్తారు. అక్కడే తప్పటడుగు. రేపు తగువొస్తే తీర్పు చెప్పేది ఆ కాగితమే. కనీసం ఈ అయిదు సంగతులు మీ మాటల్లో మీరే రాసుకోవాలి.

* ఓటు హక్కు పనిచేసే పీఆర్ సిబ్బందికే. అడ్మిషన్ కౌన్సెలర్లు, ఫ్రంట్ ఆఫీసు వాళ్లు, బడి సోషల్ మీడియా చూసేవాళ్లు, ఈ బాధ్యత మోస్తున్న టీచర్లు కూడా సభ్యులే. బడి యజమానులు అతిథులుగా రావచ్చు, ఓటు ఉండదు.
* విద్యార్థి సభ్యత్వం వేరుగా ఉండాలి. చందా నామమాత్రం.
* అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి ఎవరైనా వరసగా రెండు విడతలకు మించి ఆ పదవిలో ఉండకూడదు.
* బ్యాంకు ఖాతాకు ఇద్దరి సంతకాలు తప్పనిసరి.
* ఏ ఒక్క విద్యాసంస్థ నుంచీ కమిటీలో ఇద్దరికి మించి ఉండకూడదు.

ఆఖరిది చిన్నదిగా కనిపిస్తుంది కానీ కీలకం. ఒక పెద్ద సంస్థ వాళ్లే కమిటీ నిండా ఉంటే, మిగతా బడుల వాళ్లు రెండో మీటింగుకే మానేస్తారు.

రిజిస్ట్రేషన్ కోసం ఆగక్కర్లేదు. పీఆర్‌ఎస్‌ఐ కూడా ముందు కొన్నేళ్లు మామూలు బృందంగానే నడిచిందని చూశాం కదా. ఆరు నెలలు కలిసి పనిచేశాక ఎవరు నిలుస్తారో తెలుస్తుంది. అప్పుడు కాగితాలు కదపొచ్చు.

డబ్బు లెక్క

ఓ ఊహాలెక్క వేద్దాం. నలభై మంది సభ్యులు, ఏడాదికి రూ.600 చందా. అంటే రూ.24,000. నెలవారీ సమావేశానికి టీ, జిరాక్సులు కలిపి రూ.700 చొప్పున పది నెలలకు రూ.7,000. ఏడాదికో వర్క్‌షాపు: హాలు, భోజనాలు, వచ్చిన నిపుణుడి దారి ఖర్చులు కలిపి రూ.12,000. మిగిలిన రూ.5,000 ఆడిట్‌కు, అత్యవసరానికి. ఇంతే. కార్యాలయం అక్కర్లేదు, కుర్చీలు కొనక్కర్లేదు. ఆదివారం ఓ బడి తరగతి గది చాలు.

ఈ లెక్క ఎందుకంటే, చందాలు వసూలు కాని సంఘం వెంటనే స్పాన్సర్ల వైపు చూస్తుంది. యూనిఫాం దుకాణం, ప్రింటింగ్ ప్రెస్, బస్సుల డీలరు, కోచింగ్ సంస్థ.. అడిగితే ఇచ్చేవాళ్లున్నారు. కానీ రేపు ‘మా యూనిఫామే కొనమని మీ బడికి చెప్పండి’ అని వాళ్లడిగితే కాదనలేరు. స్పాన్సరు డబ్బు వర్క్‌షాపు ఖర్చులో సగానికి మించకూడదని, ఎవరెంత ఇచ్చారో సభ్యులందరికీ తెలియాలని బైలాస్‌లోనే రాసుకుంటే గొడవ ఉండదు.

నెలకో సమస్య, గంటన్నర సమయం

సమావేశాలు ఎక్కడ? ఓ నెల ఏలూరు, ఓ నెల తాడేపల్లిగూడెం. ఈ రెండూ విజయవాడ–విశాఖ మెయిన్ లైను మీదవే కాబట్టి రైలుకు కొదవ లేదు. కైకలూరు వైపు వాళ్లు కొల్లేరు మీదుగా బస్సులో రావాలి. అందుకే ఏడాదికి రెండుసార్లయినా సమావేశమే అటు వెళ్లాలి. ఆకివీడు, కైకలూరు సభ్యులను ఎప్పుడూ ఏలూరుకే రమ్మంటే అది ఏలూరు సంఘమే అవుతుంది.

ప్రతి సమావేశానికీ ఒకే సమస్య. జూన్‌లో బస్సుల సమయాలు, ఆగస్టులో వానల సెలవుల కబురు, నవంబరులో తల్లిదండ్రుల సమావేశాలు, జనవరిలో అడ్మిషన్ల ప్రకటనలు. మొదటి అరగంట ఓ సభ్యుడు తన బడిలో ఏం జరిగిందో చెప్పాలి. తర్వాతి అరగంట చర్చ. చివరి అరగంటలో అందరూ కలిసి ఓ నమూనా తయారుచేయాలి. అది సెలవు సందేశం కావచ్చు, పత్రికా ప్రకటన కావచ్చు, ఫోటోకు తల్లిదండ్రుల అనుమతి పత్రం కావచ్చు. ఏడాది తిరిగేసరికి పది నమూనాలు చేతిలో ఉంటాయి. ‘మా సంఘం ఏం ఇచ్చింది?’ అనే సభ్యుడికి చూపించడానికి ఇంతకంటే మంచి జవాబు లేదు.

పోటీ బడుల వాళ్లు ఒకే బల్ల చుట్టూ కూర్చుంటారా అన్నది సహజమైన అనుమానం. కూర్చోవచ్చు, గీత తెలిస్తే. పద్ధతులు పంచుకోవాలి. పిల్లల జాబితాలు, తల్లిదండ్రుల ఫోన్ నంబర్లు, తమ బడి ఫీజు రాయితీల గుట్టు పంచుకోకూడదు. వైద్యులు చేసేదీ అదే: చికిత్స గురించి మాట్లాడుకుంటారు, రోగుల వివరాలు కాదు.

గీత గీసుకోవాలి

సంఘానికి వెన్నెముక నియమావళి. మన బడుల పీఆర్‌ఓకు అది గాలిలో మేడ కాదు, చట్టం నుంచి కాపాడే గొడుగు. చూడండి.

ఫలితాలు రాగానే ‘మా బడికే ఫస్ట్ ర్యాంకు’ ఫ్లెక్సీలు లేస్తాయి. పదో తరగతి ఫలితాల్లో ర్యాంకుల ప్రకటనలు ఇవ్వకూడదని 2022లో మన రాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వులిచ్చింది. 2024 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ కోచింగ్ కేంద్రాలకు మార్గదర్శకాలు తెచ్చింది. విజేతల ఫోటో వాడాలంటే వాళ్లు ఎంపికయ్యాక రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి, వాళ్లు చదివిన కోర్సు ఏదో కూడా చెప్పాలి. అవి కోచింగ్ కోసమే అయినా, అదే పద్ధతిని బడి ప్రకటనలకూ పెట్టుకుంటే తప్పేముంది?

పిల్లల వివరాల సంగతి ఇంకా సున్నితం. 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్ల లోపు వారందరినీ పిల్లలుగానే చూస్తుంది. వాళ్ల సమాచారం వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలంటుంది. లైంగిక నేరాల బాధిత పిల్లల గుర్తింపు బయటపెట్టడం పోక్సో చట్టం 23వ సెక్షన్ కింద నేరం. పేరు రాయకపోయినా బడి పేరు, ఊరు చెప్పి ఆచూకీ తెలిసేలా చేయడమూ ఆ పరిధిలోకే వస్తుంది. విలేకరి ఫోన్ చేసి అడిగినప్పుడు ఈ సంగతి తెలియని పీఆర్‌ఓ నోరు జారితే నష్టం ఓ పిల్లకు. బాధ్యత ఆ పీఆర్‌ఓకు కూడా.

అందుకే నియమావళి ఒక పేజీలో, పదో తరగతి పిల్లాడికీ అర్థమయ్యే తెలుగులో ఉండాలి: అబద్ధపు ర్యాంకు చెప్పను, పక్క బడిని తిట్టను, అనుమతి లేకుండా పిల్లల ఫోటో వాడను, తల్లిదండ్రుల నంబర్లు అమ్మను, ఇవ్వలేని రాయితీకి మాట ఇవ్వను. యాజమాన్యం తప్పు చెప్పమని ఒత్తిడి చేస్తే ‘మా సంఘం నియమం ఒప్పుకోదండీ’ అనడానికి ఆ కాగితం పనికొస్తుంది. ఒంటరి ఉద్యోగి ‘నేను చేయను’ అనడం కష్టం. నలభై మంది సంతకం చేసిన మాట చూపించడం కాస్త తేలిక.

ఇక్కడో హద్దు కూడా తెలుసుకోండి. వృత్తి సంఘం జీతం బేరమాడే యూనియన్ కాదు. టార్గెట్ చేరలేదని జీతం కోస్తే సంఘం కోర్టుకెళ్లి పోరాడకపోవచ్చు. కానీ ఈ ఉద్యోగంలో ఉండాల్సిన కనీస పద్ధతులేమిటో రాసి, యాజమాన్యాల సంఘంతో మాట్లాడగలదు. నియామక పత్రం లేకుండా చేరొద్దని కొత్తవాళ్లకు చెప్పగలదు. అది చిన్న పనేమీ కాదు.

ఎందుకు మూతపడతాయంటే..

మన ఊళ్లలో పుట్టి, ఏడాది తిరక్కుండానే మూలబడే సంఘాలను చూస్తూనే ఉంటాం. కారణాలు దాదాపు ఒకటే. మొదటిది శాలువాల జబ్బు: నిర్వహణ మానేసి సన్మానాలు మొదలుపెడతారు. రెండోది శాశ్వత అధ్యక్షుడు: పెట్టినాయనే పోయేదాకా ఉంటానంటారు. మూడోది వాట్సాప్ గ్రూపు: పనికొచ్చే సమాచారం గుడ్ మార్నింగ్ పువ్వుల కింద పూడిపోతుంది. నాలుగోది లెక్క చెప్పని కోశాధికారి. అయిదోది, మీటింగు ఎందుకు పెట్టారో రాయకపోవడం.

మందు కూడా తెలిసిందే. మినిట్స్ పుస్తకం ఒకటి. మూడు నెలలకోసారి ఖర్చుల పట్టిక గ్రూపులో. ప్రకటనలకు ఓ గ్రూపు, కబుర్లకు వేరే గ్రూపు. కార్యదర్శి పక్కన ఓ సహాయ కార్యదర్శి, వచ్చే ఏడాది ఆ కుర్చీ అతనిదే లేదా ఆమెదే. మైకు పట్టుకునేవాళ్లు మన దగ్గర ఎప్పుడూ దొరుకుతారు. మినిట్స్ రాసేవాళ్లు దొరికితేనే సంఘం బతుకుతుంది.

ఇందులో మీకేం పని?

ఆ మినిట్స్ రాసే మనిషి మీరే కావచ్చు. ఏలూరు సీఆర్ రెడ్డి కాలేజీలో డిగ్రీ చదువుతున్నా, సెయింట్ థెరిసాలో చదువుతున్నా, తాడేపల్లిగూడెం నిట్‌లో ఇంజినీరింగ్ చేస్తున్నా, విద్యార్థి సభ్యులుగా ఇలాంటి సంఘానికి చేయగలిగిన సాయం చాలా ఉంది. సమావేశం సారాంశం అరపేజీలో రాయడం, నమూనా సందేశాలను తప్పుల్లేని తెలుగులో తిరగరాయడం, వాయిస్ మెసేజ్ రికార్డు చేయడం, చందాల లెక్క ఎక్సెల్‌లో పెట్టడం. ఏడాదిలో మీ చేతికి పది రాతలు, నలభై మంది పరిచయాలు వస్తాయి. బయోడేటాలో ‘గుడ్ కమ్యూనికేషన్ స్కిల్స్’ అని రాసే వేలమందిలో దాన్ని కాగితం మీద చూపించగలిగేది మీరే.

చదువు వైపు నుంచి రావాలంటే ఆంధ్రా, ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయాల్లో జర్నలిజం, మాస్ కమ్యూనికేషన్ పీజీలున్నాయి. ఢిల్లీలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మాస్ కమ్యూనికేషన్ అడ్వర్టయిజింగ్, పబ్లిక్ రిలేషన్స్‌లో పీజీ డిప్లొమా నడుపుతోంది. బడి పీఆర్‌ఓగా మొదలైనవాళ్లు ఆసుపత్రులకు, విశ్వవిద్యాలయాలకు, స్వచ్ఛంద సంస్థలకు వెళ్లే దారులూ ఉన్నాయి. అన్నిచోట్లా అడిగేది ఒక్కటే: చెప్పిన మాట నమ్మేలా చెప్పగలరా?

చేరేముందు ఈ ఆరు ప్రశ్నలు అడగండి

1. స్థిరమైన జీతం ఎంత, ఇన్సెంటివ్ ఎంత? టార్గెట్ చేరకపోతే స్థిరమైన జీతంలో కోత ఉంటుందా?
2. నియామక పత్రం ఇస్తారా? అందులో జులై నుంచి మార్చి వరకు నా పని ఏమిటో ఉంటుందా?
3. పెట్రోలు, ఫోను ఖర్చు ఎవరిది?
4. ఫీజు రాయితీ మీద నేను ఇచ్చే మాటకు రాతపూర్వక హద్దు ఉందా?
5. తల్లిదండ్రుల ఫిర్యాదు వస్తే నేను ఎవరికి చెప్పాలి? ఎన్ని రోజుల్లో జవాబు వస్తుంది?
6. వృత్తి సంఘంలో సభ్యత్వానికి, నెలకో సమావేశానికి అభ్యంతరం ఉందా?

మొదటి అయిదింటికీ సూటిగా జవాబు చెప్పిన బడి మంచి బడే. ఆరోదానికి ‘అలాంటి సంఘం ఎక్కడుందండీ?’ అని నవ్వితే నొచ్చుకోకండి. ఏలూరులో ముగ్గురు, గూడెంలో ఇద్దరు, కైకలూరు వైపు ఇద్దరు. లెక్క సరిపోయింది.